పని ముందు, ధైర్యం తర్వాత

కవిటి, కంచిలి, సోంపేట ఊళ్ళలో ఇంకా తెల్లవారకుండానే వీధి చివర ఆటో ఆగి హారన్ కొట్టిందంటే, అది ఎవరికోసమో ఇరుగుపొరుగుకు తెలుసు. డయాలసిస్ మొదటి షిఫ్టు. కొందరికి సోమ, బుధ, శుక్రవారాలు. మరికొందరికి మంగళ, గురు, శనివారాలు. చేతికి రెండు సూదులు పెట్టించుకుని, ఒంట్లోని రక్తం మిషను గుండా మళ్ళీమళ్ళీ తిరిగి శుభ్రపడేదాకా సుమారు నాలుగు గంటలు మంచం మీదే ఉండాలి. సంక్రాంతయినా అంతే, ఇంట్లో పెళ్ళయినా అంతే.

ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ కొబ్బరి, జీడి, పనస తోటల నేలను ఉద్దానం అంటారు. కొన్ని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇక్కడి ఊళ్ళను వదలడం లేదు. షుగరు, బీపీ లేనివాళ్ళకు కూడా వస్తోంది. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి చెమటోడ్చే పని, నొప్పి మాత్రలు... అనుమానితుల జాబితా పొడుగ్గానే ఉంది, దోషి మాత్రం తేలలేదు. "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అనే ప్రశ్న ఇక్కడ వానల గురించి అడిగినంత మామూలుగా అడుగుతారు. ఒకటికి అటూ ఇటూ ఉండాల్సిన అంకె అది. డయాలసిస్ దాకా వెళ్ళినవాళ్ళలో అది ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అంతకుముందు పెద్ద వైద్యం కావాలంటే దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తాల్సిందే. ఇప్పుడు దూరం తగ్గింది. కానీ జబ్బుతో బతికే రోజు పొడవు తగ్గలేదు. ఆ రోజు ఎలా ఉంటుందో తెలియాలంటే కొబ్బరిబొండాన్ని చూస్తే చాలు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీలు అదనపు పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తాయి, పాడైన కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. అందుకే ఊరందరికీ బొండాలు కొట్టిచ్చిన రైతు, తన చెట్టు కాయలో నీళ్ళు తాను తాగకూడదు. జీడిపప్పు మీదా ఆంక్షలే. మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలి. చాలామందికి రోజు మొత్తానికి లీటరుకు అటూ ఇటూ, అందులోనే టీ, మజ్జిగ, చారు.

ఇలాంటివాళ్ళకు కష్టకాలం అంటే ఒకసారి వచ్చిపోయే గాలివాన కాదు. అది వాళ్ళ టైంటేబుల్. ఆ టైంటేబుల్లో మనసు నిలబడాలంటే ఏం చేయాలి? చూడ్డానికి వచ్చిన చుట్టాలందరి దగ్గరా ఒకే మందు ఉంటుంది: "ధైర్నంగా ఉండు బాబూ. అన్నీ ఆ తల్లే సూసుకుంటాది." చెప్పేవాళ్ళ ప్రేమలో లోపం లేదు. మందులోనే ఉంది.

మాటల మందు

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోయాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. తన మీద తనకు గురి తక్కువగా ఉన్నవాళ్ళ చేత 'నేను ప్రేమించదగిన మనిషిని' అనే అర్థం వచ్చే వాక్యాన్ని మళ్ళీమళ్ళీ అనిపించారు. పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలు చెప్పే లెక్క ప్రకారం వాళ్ళ మనసు తేలికపడాలి. మరింత బరువెక్కింది. ముందే ఆత్మవిశ్వాసం దండిగా ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వాక్యం కాస్త పనికొచ్చింది. ఆకలి లేనివాడికి విందు పెట్టడమంటే ఇదే.

కారణం ఊహించడం కష్టం కాదు. "నేను బాగున్నాను" అని పైకి అనగానే లోపలినుంచి ఇంకో గొంతు "ఎక్కడ బాగున్నావు?" అని లెక్కలు తీస్తుంది. ఆ వాదంలో దిగులుగా ఉన్న మనిషి ఎప్పుడూ ఓడిపోతాడు, సాక్ష్యాలన్నీ రెండో గొంతు దగ్గరే ఉంటాయి కాబట్టి. పొద్దున్నే వాట్సాప్‌లో రోజాపువ్వు మీద అచ్చేసి పంపే సూక్తులు ఎందుకు పనిచేయవో దీన్నిబట్టి తెలుస్తుంది. పంపినవాళ్ళకు మాత్రం ఆ పూట బాగానే గడుస్తుంది.

మాటలు ఎక్కకపోతే మనసుకి ఏది ఎక్కుతుంది? దీనికి జవాబు యాభై ఏళ్ళు తలకిందులుగా ఉండి, ఈమధ్యే సరిగ్గా నిలబడింది. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఈనాడైతే అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టం. కొన్ని కుక్కలకు కరెంటు షాకులు తగులుతాయి, పలక నొక్కితే ఆగుతాయి. మరికొన్నిటికి అవే షాకులు, కానీ ఏం చేసినా ఆగవు. తర్వాత రెండు రకాల కుక్కల్నీ సులువుగా గెంతి తప్పించుకోగల పెట్టెలో ఉంచారు. మొదటి రకం గెంతి బయటపడ్డాయి. రెండో రకంలో చాలావరకు అక్కడే కూలబడి షాకులు భరించాయి. 'నా చేతిలో ఏమీ లేదు' అనే పాఠం అవి నేర్చుకున్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. నేర్చుకున్న నిస్సహాయత అనే ఆ మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

మెదడు లోపలికి చూసే పరికరాలు వచ్చాక మేయర్ మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికే వెళ్ళాడు. 2016లో ఇద్దరూ కలిసి తమ పాత సిద్ధాంతం తిరగబడిందని రాశారు. కూలబడటం నేర్చుకున్నది కాదట. కష్టం ఎడతెగకుండా ఉన్నప్పుడు క్షీరదాల మెదడు తనంతట తానే చేసే పని అది. మెదడు కాండంలో డోర్సల్ రాఫే అనే చిన్న కణాల గుంపు చురుకై, సెరొటోనిన్ వదిలి, ఒంటిని కదలనివ్వకుండా చేస్తుంది. నేర్చుకోవలసింది దానికి ఎదురుది. 'నేను చేసిన పనికి ఫలితం కనిపించింది' అనే అనుభవం కలిగినప్పుడు నుదుటి వెనక ఉండే ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ దాన్ని పసిగట్టి, కిందనున్న ఆ గుంపుని అదుపు చేస్తుంది. ఒకసారి ఈ దారి పడితే తర్వాతి కష్టంలో కూడా పనికొస్తుంది.

ఇది ప్రయోగశాల జంతువుల్లో తేలిన విషయం, మనుషుల దిగులు ఇంకా చిక్కుముళ్ళున్నది. అయినా ఒక అపవాదును కొట్టిపారేయడానికి ఇది చాలు. నెలల తరబడి జబ్బుతో ఉన్న మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే "మనసు గట్టిది కాదు", "ఏ పనీ సెయ్యడు, ఊరికే తొంగుంటాడు" అని ఇంట్లోవాళ్ళే అనేస్తారు. అది సోమరితనం కాదు, గుణదోషమూ కాదు. పెద్ద కష్టం ముందు మెదడు మొట్టమొదట చేసే పనే అది. దాన్ని వదిలించడానికి ఉపన్యాసం చాలదు. చేతికి అందేంత చిన్న పని, కంటికి కనిపించే ఫలితం కావాలి.

గోవా పాఠం

ఈ ఆలోచనకు వైద్యంలో బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు, చేతల చికిత్స అనుకోవచ్చు. 1970లలో పీటర్ లెవిన్సన్ దీనికి పునాది వేశాడు. కుంగుబాటులో ఉన్న మనిషి పనులు మానేస్తాడు, పనులు మానేయడంవల్ల సంతోషం ఇచ్చే సందర్భాలు తగ్గిపోతాయి, దాంతో మరింత కుంగుతాడు. ఈ గానుగ తిరగడం ఆపాలంటే మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందు పని మొదలుపెట్టించాలన్నది ఆయన వాదం. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ఆలోచనల్ని సరిదిద్దే సంక్లిష్టమైన చికిత్సను విడదీసి చూస్తే, అందులోని పనుల భాగం ఒక్కటీ మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది.

మనకు ముఖ్యమైన పరీక్ష మన దేశంలోనే జరిగింది. గోవాలో సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ నాయకత్వంలో, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మందిని తీసుకుంది. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితోపాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు ఒక సలహాదారుతో కూర్చోవడం. ఆ సలహాదారులు సైకియాట్రిస్టులు కారు, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులు, కొద్ది వారాల శిక్షణ పొందినవాళ్ళు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: మూడు నెలలకు మొదటి గుంపులో 39 శాతం కుంగుబాటునుంచి బయటపడితే, రెండో గుంపులో 64 శాతం బయటపడ్డారు. ఏడాది తర్వాత చూసినా మేలు నిలిచే ఉంది.

వాళ్ళు చేయించిందేమిటి? రోజు మొత్తంలో ఏ గంటకు ఏం చేస్తున్నారో, అప్పుడు మనసెలా ఉందో రాయించారు. రాయలేనివాళ్ళ చేత చెప్పించుకున్నారు. మానేసిన పనుల్లో ఒకటి రెండు ఎంచి, వాటిని ఇంకా చిన్న ముక్కలు చేసి, ఫలానా రోజు ఫలానా వేళకు చేయమన్నారు. మరుసటిసారి వచ్చినప్పుడు దాని గురించే మాట్లాడారు. ఇంతే. ఇందులో ఆశ్చర్యపరిచేదేమీ లేకపోవడమే నాకు దీనిమీద నమ్మకం కలిగించింది. మన రాష్ట్రంలోనూ అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, ఊళ్ళో దిగులుతో ఉన్నవాళ్ళను గుర్తించి డాక్టరు దాకా చేర్చే పద్ధతిని నడిపి చూసింది. ఈ పనికి పట్నం నుంచి నిపుణుడు దిగి రానక్కర్లేదని రెండు చోట్లా తేలింది.

ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న మనిషికి చేతికందే చిన్న పనులేమున్నాయో చూద్దాం. మొదటిది చేతి మీదే ఉంది. డయాలసిస్‌కి ముందు మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరతో కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఆ సిర లావెక్కి సూదికి పనికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా డాక్టర్లు మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటారు. బంతి పిసికే కొద్దీ చర్మం కింద సిర ఉబ్బడం కంటికి కనిపిస్తుంది. వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. రోజూ పొద్దున్న లేవగానే వేలు ఆనించి ఆ జుమ్మనడం ఉందో లేదో చూసుకోమని, లేకపోతే వెంటనే ఆసుపత్రికి రమ్మని నర్సులు చెబుతారు. ప్రాణానికి అవసరమైన జాగ్రత్త అది. మనసుకు కూడా పనికొస్తుంది. తన ఒంటిలో తాను కాపాడుకుంటున్న ఒక చోటు ఉందని ఆ ఐదు సెకన్లూ వేలికి తెలుస్తుంది.

రెండోది నీళ్ళ సీసా. గ్లాసులు గ్లాసులుగా తాగి రాత్రికి లెక్క తప్పిందని కుమిలిపోయే బదులు, ఆ రోజుకు అనుమతించిన నీళ్ళన్నీ పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టుకోవడం. టీ తాగితే టీ అంత నీళ్ళు సీసాలోంచి తీసేయడం. నోరు ఎండిపోతే మంచుముక్క చప్పరించడం, పుక్కిలించి ఉమ్మేయడం. సాయంత్రానికి సీసా అడుగున రెండు వేళ్ళ నీళ్ళు మిగిలాయంటే ఆ రోజు గెలిచినట్టే. ఆ గెలుపు మర్నాడు డయాలసిస్ కేంద్రంలో తూకం మీద కనిపిస్తుంది, బరువు తక్కువ పెరిగి ఉంటుంది. తూకం ముల్లుతో వాదించడం లోపలి గొంతుకు కష్టం.

మిగతావి మనిషిని బట్టి ఉంటాయి. ఫిస్టులా ఉన్న చేత్తో బరువులెత్తకూడదు కాబట్టి తోటపని అంతా కుదరదు. కొబ్బరి ఈనెలు గీరి చీపురు కట్టడం కుదురుతుంది. గట్టు దాకా నడిచి వచ్చి, పక్క తోట రైతుతో జీడిపిక్కల ధర గురించి రెండు మాటలాడటం కుదురుతుంది. పని ఎంత చిన్నదనేది సిగ్గుపడాల్సిన విషయం కాదు, అదే అసలు కీలకం. డయాలసిస్ అయిన రోజు ఒళ్ళు పిండేసినట్టు ఉంటుంది, చాలామందికి ఆ నీరసం గంటల తరబడి తగ్గదు. ఆ రోజుకి 'ఇంటికొచ్చి పడుకుని లేచాక, ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చుంటాను' అన్నది చాలు. ఫలానాది అయ్యాక ఫలానాది చేస్తాను అని ముందే ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్సర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1990లలోనే చూపించాడు. దిగులులో ఉన్న మనిషికి అన్నిటికంటే బరువైనది 'ఇప్పుడేం చేయాలి' అనే నిర్ణయం. ముడిపెట్టడంతో ఆ నిర్ణయం నిన్ననే అయిపోతుంది.

మధ్యలో మానేస్తే? లండన్‌లో ఫిలిప్ప లాలీ బృందం 96 మందిని గమనించి, ఒక అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని లెక్కగట్టింది. మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. 21 రోజుల మంత్రం గురించి ఎవరైనా చెబితే ఈ అంకెలు గుర్తుతెచ్చుకోండి. అంతకన్నా ఊరటనిచ్చేది, ఒక రోజు తప్పితే అలవాటు పునాది దెబ్బతినలేదన్న సంగతి. గోడ క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకునేవాళ్ళు ఖాళీ గడి చూసి మొత్తం వదిలేయనక్కర్లేదు.

ఏడేళ్ళ చెట్టు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య అంతకు మించిన ఈదర. ఉద్దానంలో తాతలనాటి కొబ్బరిచెట్లు నడుముకి విరిగాయి, జీడిచెట్లు వేళ్ళతో సహా లేచాయి. అంతకు ఐదేళ్ళ ముందు ఫైలిన్, నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ చూసినవాళ్ళే, అయినా ఇది వేరు. తుపానుకి వరి పోతే మరుసటి ఏడాది వరి వేసుకోవచ్చు. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడు సంవత్సరాలు కావాలి. అరవై దాటిన రైతు కొబ్బరిమొక్క పాతడమంటే, ఏ లెక్క చూసుకుని పాతినట్టు?

1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. ఒక అంతస్తులోని పెద్దవాళ్ళకు తలా ఒక మొక్క ఇచ్చి నీళ్ళు పోసే బాధ్యత మీదే అన్నారు, చిన్న చిన్న నిర్ణయాలు వాళ్ళకే వదిలారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, కానీ నర్సులే నీళ్ళు పోస్తారన్నారు. కొన్ని వారాలకు మొదటి అంతస్తువాళ్ళు చురుగ్గా, హుషారుగా కనిపించారు. తర్వాత మరణాలు కూడా అక్కడ తక్కువన్నారు, కానీ ఆ లెక్కలో పొరపాటు దొర్లిందని సవరించుకోవాల్సి వచ్చింది. చిన్న అధ్యయనం, పెద్ద ప్రచారం. మరణాల సంగతి పక్కనపెట్టి హుషారు సంగతి తీసుకుంటే చాలు. మొక్క రెండు అంతస్తుల్లోనూ ఒకటే, చెంబు ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

తిత్లీ తర్వాత తోటల్లో మొదట జరిగిన పని మొక్క పాతడం కూడా కాదు. పడిపోయిన మానుల్ని రంపంతో ముక్కలు చేసి దారి తీయడం. ఎకరం తోటలో ఎన్నో మానులు. ఈ పూట ఒక మాను, రేపు ఇంకొకటి. అమెరికన్ పండితుడు కార్ల్ వైక్ 1984లో చిన్న విజయాల గురించి రాసిన వ్యాసంలో చెప్పిందీ ఇలాంటిదే: సమస్యను దాని పూర్తి ఆకారంలో చూస్తే మనిషి బెదిరిపోతాడు, ఆలోచన కుంచించుకుపోతుంది. చేయగలిగిన ముక్కగా చూస్తే చేతులు కదులుతాయి. అలాగని రైతుకు రంపం ఇచ్చి పరిహారం ఎగ్గొట్టడానికి ఎవరైనా ఈ అధ్యాయాన్ని వాడుకుంటే అది దుర్వినియోగం. చిన్న అలవాట్లు మనిషిని నిలబెడతాయి, నష్టాన్ని పూడ్చవు.

పక్కమనిషి

ఇంతవరకు ఒక్కడి చేతిలో ఉన్న పనుల గురించే చెప్పాను. కానీ మనిషికి ధైర్యం సగానికి పైగా బయటినుంచే వస్తుందని నా నమ్మకం. ఒడ్డునుంచి పెద్దవల లాగుతున్న జాలర్లను చూసినవాళ్ళకు, ఉభాల కాలంలో మళ్ళలో పాడుతూ నాట్లు వేసే ఆడవాళ్ళను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మా కోహెన్ బృందం పడవ పోటీల కుర్రాళ్ళు 12 మంది చేత వ్యాయామ మిషన్ల మీద ఒక్కొక్కరిగానూ, జట్టుగా ఒకే లయలోనూ తెడ్లు వేయించింది. చేసిన శ్రమ ఒకటే. కలిసి చేసిన రోజు నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా పెరిగింది. ఒంట్లో సహజంగా పుట్టే ఎండార్ఫిన్లు దానికి కారణమని వాళ్ళ అంచనా. "ఐలెస్సా" అనేది గొంతుకే కాదు, భుజానికీ పనికొచ్చే మాట.

డయాలసిస్ కేంద్రంలో ఒకే షిఫ్టువాళ్ళ మధ్య ఏర్పడే చుట్టరికం ఇలాంటిదే. పక్కపక్క మంచాలు, వారానికి మూడుసార్లు. "ఏటప్పా, రాత్రి నిద్దర పట్టిందేటి?" అంటే "ఎక్కడ, కాళ్ళు ఒకటే తిమ్మిర్లు" అని ఇటునుంచి. ఇందులో ఉపదేశం లేదు, ధైర్యం చెప్పడమూ లేదు. తన బాధ వివరించనక్కర్లేకుండా అర్థమయ్యే మనిషి పక్కనుంది, అంతే. కేంద్రాలు నడిపేవాళ్ళకు ఒక్క మాట: వీలైనంతవరకు ఆ షిఫ్టుల జట్లను చెదరగొట్టకండి.

ఎదురుచూపు కూడా ఒక జబ్బులాంటిదే. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని తమ జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. ఏడాది దాటాక, 2020 జనవరిలో, 20 మంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. ఈలోగా ఇక్కడ పల్లెల్లో భార్యలకు, తల్లులకు తేదీ లేని నిరీక్షణ. కాలిఫోర్నియాలో కేట్ స్వీనీ అనే పరిశోధకురాలు ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళ మీద పనిచేసింది. ఆమె గమనించింది లా పరీక్షలు రాసినవాళ్ళను, కాబట్టి పోలిక అంత గొప్పగా అతకదు. అయినా తేలింది మాత్రం గమనించదగ్గది. ఆందోళన పడకూడదని మనసుకు నచ్చజెప్పుకున్న పద్ధతులు పెద్దగా పనిచేయలేదు. చేస్తున్న పనిలో మునిగిపోగలిగిన గంటలున్నవాళ్ళే మెరుగ్గా నెట్టుకొచ్చారు. చినిగిన వలలో కన్ను మీద కన్ను వేస్తూ కూర్చున్నప్పుడు చెయ్యి, చూపు రెండూ దారం మీదే ఉండాలి. ఆ కాసేపు కరాచీ కాస్త దూరమవుతుంది.

బయటినుంచి వచ్చే పలకరింపుకు ఎంత బలముందో చెప్పే పాత పరిశోధన ఒకటుంది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే వైద్యుడు, బతుకు మీద ఆశ వదులుకుని ఆసుపత్రిలో చేరి, తర్వాత చికిత్స కొనసాగించడానికి ఒప్పుకోని 843 మందిని ఎంచుకున్నాడు. వాళ్ళలో కొందరికి ఐదేళ్ళపాటు అప్పుడప్పుడూ ఒక చిన్న ఉత్తరం వెళ్ళేది. ఎలా ఉన్నారో అనుకున్నాం, రాయాలనిపిస్తే రాయండి అనే అర్థంలో రెండు మూడు వాక్యాలు. సలహా లేదు, అడగడం లేదు. ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ళలో, ప్రాణాలు తీసుకున్నవాళ్ళు తక్కువ. ఐదు దేశాల్లో, చెన్నై సహా ఐదు చోట్ల, ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన అధ్యయనంలో, ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికెళ్ళి చూడటమో చేస్తే కూడా ఇలాంటి మేలే కనిపించింది.

మరి మనం ఎందుకు పలకరించం? "ఏం మాట్లాడాలో తెలీదు, ఇబ్బంది పడతారేమో" అనే మొహమాటం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో దీన్ని కొలిచారు. కృతజ్ఞతగా ఉత్తరం రాసినవాళ్ళు, అందుకున్నవాళ్ళకు కలిగే సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా అంచనా వేశారు. "తిన్నావేటమ్మా?" అని గుమ్మం దగ్గర నిలబడి అడిగి వెళ్ళిపోయే ఉత్తరాంధ్ర అలవాటుకు ఈ మొహమాటం లేదు. ఆ అలవాటును పట్నం వెళ్ళాక వదిలేయకండి.

ఈ అలవాట్లన్నిటికీ ఒక హద్దుంది. రెండు వారాలకు పైగా దిగులు రోజంతా వదలకపోయినా, నిద్ర, ఆకలి పోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా డాక్టరు కావాలి. బతకాలని లేదన్న మాట వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే కదలండి. టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రోగే ఫోన్ చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు కూడా చేయవచ్చు.

ఇక పొరుగువాళ్ళకు ఒక పని. డయాలసిస్ మూడు రోజుల పద్ధతిలో వారానికొకసారి రెండు రోజుల పెద్ద విరామం వస్తుంది, ఒంట్లో నీరు, పొటాషియం ఎక్కువగా పేరుకునేది అప్పుడే. 2011లో అమెరికాలో 32 వేలమందికి పైగా రోగుల రికార్డులు చూస్తే, ఆ విరామం తర్వాతి రోజే మరణాలు, ఆసుపత్రి చేరికలు ఎక్కువని తేలింది. మీ వీధిలో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళుంటే వాళ్ళ రోజులేవో కనుక్కోండి. సోమ, బుధ, శుక్రవారాల వాళ్ళింటికి ఆదివారం సాయంత్రం, మంగళ, గురు, శనివారాల వాళ్ళింటికి సోమవారం సాయంత్రం వెళ్ళండి. బొండాలు, పళ్ళు పట్టుకెళ్ళకండి. ఓ పావుగంట కూర్చోండి, ఓపికుందంటే గట్టు దాకా కలిసి నడవండి. పాదాలు వాచినా, ఊపిరి ఆడటం లేదన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆటో పిలవండి.